ఉప్పు ఎక్కువైంది

దాహం ఆలోచన కాదు. దానితో వాదించడం కుదరదు. టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పిన రోజుల్లో, కోరికను బుద్ధి అదుపులో పెట్టగలదని పిల్లలకు నమ్మకంగా చెప్పేవాణ్ణి. కిడ్నీలు చెడిపోయి, పొద్దుటి నుంచి పడుకునేదాకా తాగవలసిన నీళ్ళన్నీ ఒక చిన్న సీసాలో పోసి పెట్టుకోవలసి వచ్చాక ఆ మాట మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు జీడిపిక్కలు రాలడం మొదలైన నాటికి మేము వజ్రపుకొత్తూరు దగ్గరి మా ఊరు విడిచి కాశీబుగ్గలో అద్దెకుంటున్నాం. నా ఉద్యోగం పోయింది. నా భార్య భవాని జీడి ఫ్యాక్టరీలో పప్పు వలవడానికి వెళ్ళేది. పిక్కలు కాల్చే పొగ వీధి మీదికి దిగిన పూట మా అన్నానికి కూడా ఆ వాసనే పట్టేది. వారానికి మూడు రోజులు నేను పలాసలో డయాలసిస్ మంచం మీద ఉండేవాణ్ణి.

నా పక్క మంచం సింహాచలానిది. అక్కుపల్లి మనిషి, సముద్రం మీద వేటకు వెళ్ళి బతికినవాడు, నా కన్నా చిన్నవాడు. సూది గుచ్చుతున్నప్పుడు మొహం తిప్పుకోకుండా ఏదో ఒకటి అనేవాడు.

"సేపకి నీళ్ళొద్దని సెప్పిన డాక్టర్ని ఇక్కడే సూసినాను మేస్టారూ."

అతనికి తోడుగా తల్లి సూరమ్మ వచ్చేది. గొట్టాల్లో కొడుకు నెత్తురు తిరగడం చూడలేక ఆమె ఎన్నడూ వార్డు లోపలికి రాలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేది. నర్సులు రోగులకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పే మాటలేవీ ఆ గోడ దాటి ఆమెదాకా వెళ్ళలేదు. అది ఎవరి తప్పూ కాదు. లోపల చెప్పిన మాటను బయట తల్లికి చేరవేయవలసినవాడు కొడుకే.

తొలి బస్సుకు బయలుదేరి వచ్చే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరి గిన్నెల్లోనూ ఒకటే ఉండేది. చద్దన్నం, ఎండుచేప, కాకపోతే ఊరగాయ. రోగి దాన్ని తినకూడదు. తినగలిగింది తెస్తే అది చప్పగా ఉండి నోట్లోకి పోదు. మంచాల మీద మనుషులు ఆకలిగా వచ్చి ఆకలిగానే వెళ్ళేవారు. నేనూ వారిలో ఒకణ్ణి. దాన్ని రోజూ చూశాను, బాధపడ్డాను, మనిషి దుఃఖం గురించి నాలో నేను కొన్ని మంచి వాక్యాలు కూడా కూర్చుకున్నాను. అందులో ఒక పని ఉందని నాకు తోచలేదు.

అది భవానికి తోచింది. మహిళా సంఘం వాళ్ళు టెక్కలిలో వ్యాపార శిక్షణ అని పంపితే, ఒక పూట కూలి పోతుందని సణుగుతూనే వెళ్ళింది. చెప్పినవాడి పేరు కృష్ణచైతన్య, కుర్రవాడు. వచ్చిన ఆడవాళ్ళందరూ జీడిపప్పు పొట్లాలనీ, అప్పడాలనీ, కొబ్బరి లడ్డూలనీ చెబుతుంటే అతడు ఓపికగా విని, మీ దగ్గర ఉన్నది అమ్మాలని చూస్తున్నారు, మీ చుట్టూ లేనిది ఏమిటో చూడమన్నాడట. భవాని లేచి నిలబడింది. మా ఆయన పడుకునే వార్డులో నోటికి పోయే కూడు లేదు సార్ అంది. ఎవరో నవ్వారట. అతడు నవ్వలేదు. వ్యాపారం చేసేవాడికి ఉండవలసిన మొదటి గుణం తెలివి కాదు, నష్టం వస్తే ముందు నాకే రానీ అని నిలబడడం అన్నాడట. ఆ మాటను భవాని ఇంటికి తెచ్చి, బియ్యం కడుగుతూ నాకు అప్పజెప్పింది.

నేను ఆ మాటలో తర్కదోషం ఎక్కడుందా అని చూశాను. ఆమె పొయ్యి మీద గిన్నె పెట్టింది.

తరవాతి రోజుల్లో మా వంటిల్లు ప్రయోగశాల అయింది. వార్డులో నర్సు చెప్పినట్టు కూరగాయలను ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించేది. ఉప్పు చేయవలసిన పనిని వెల్లుల్లికీ, మిరియానికీ, నిమ్మచుక్కకూ పంచింది. రుచి చూడవలసినవాణ్ణి నేను. బాగుందంటే నమ్మేది కాదు. మొహం చూసేది.

"మీ నోరు అబద్ధమాడుతుంది. మింగినప్పుడు మీ గొంతు సూత్తాను," అంది ఒకరోజు.

ఒక శనివారం సొరకాయ కూర తిని నేను మారు అన్నం అడిగాను. సోమవారం ఆమె జీడిపప్పు వలుపుకు వెళ్ళలేదు. స్టీలు క్యారేజీలు అద్దెకు తెచ్చి వార్డుకు పట్టుకొచ్చింది. ప్రతి దాని మీదా రంగుతో తన పేరు రాయించింది. పేరెందుకని అడిగితే, బాగుంటే ఎవరిని అడగాలో, బాగోకపోతే ఎవరిని తిట్టాలో తెలియొద్దా అంది.

సింహాచలం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా ఉన్నాడు. తరవాత గిన్నె ఎత్తి అడుగుదాకా తిన్నాడు. వరండాలోకి వినబడేలా కేకేశాడు.

"అమా, ఇలగ వండొచ్చని నీకెప్పుడేనా తోసిందేటి?"

"నీకు జబ్బొత్తాదని నాకు తోసిందేటి?" అంది సూరమ్మ బయటినుంచి. వార్డంతా నవ్వింది.

ఎండలు ముదిరేసరికి భవాని క్యారేజీ అంటే ఆ చుట్టుపక్కల తెలిసింది. ఇద్దరు ఆడవాళ్ళు వంటలో సాయానికి చేరారు. భవాని నడక మారింది, మాట మారింది. ఇదివరకు ఎవరైనా కష్టం చెప్పుకుంటే అయ్యో అనేది. ఇప్పుడు మరి ఏం చేద్దామనేది. నాకు గర్వంగానూ ఉండేది, కొంచెం భయంగానూ ఉండేది. మంచాలు నిండుతున్న కొద్దీ మా పొయ్యి పెద్దదవుతున్నది. ఒకరి రోగం మీద ఒక ఇల్లు లేచి నిలబడడం న్యాయమేనా అని అడిగాను. ఆకలి మీద రైతు నిలబడ్డంలేదా అని తిరిగి అడిగింది.

ఆదివారం వార్డు ఉండదు. శుక్రవారం యంత్రం ఎక్కి దిగినవాడికి మళ్ళీ సోమవారమే. రోగికి రెండో రోజైన ఆ ఆదివారమే గండం. ఆ రోజు ఇళ్ళలో ఏం తింటున్నారో ఎవరికీ తెలియదు. భవాని అది పట్టుకుంది. ఆదివారం క్యారేజీలు ఆటోలో ఊళ్ళకు పంపడం మొదలుపెట్టింది. కృష్ణచైతన్య ఫోను చేసి మెచ్చుకున్నాడు.

జ్యేష్ఠంలో ఒక సోమవారం పక్క మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి మారుస్తూ, నా వైపు చూడకుండా, సింహాచలం ఆదివారం సాయంత్రం పోయాడంది. కుదురుగా కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. నాకు సూది గుచ్చింది తెలియలేదు. యంత్రం తిరగడం మొదలైంది. నా నెత్తురు బయటికి వెళ్ళి లోపలికి వస్తున్నదని, అతని నెత్తురు రావడం లేదని, అంతే ఆలోచించగలిగాను.

మధ్యాహ్నం భవాని క్యారేజీలతో వచ్చేసరికి వార్డు గుమ్మంలో సింహాచలం తమ్ముడు సురేష్ నిలబడి ఉన్నాడు. అరవలేదు. ఖాళీ క్యారేజీ ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇది తిన్నాడు మా అన్న. సాయంత్రానికి లేడు."

అంతే అన్నాడు, వెళ్ళిపోయాడు. ఆ పూట క్యారేజీలు చాలా వరకు మూత తీయకుండానే వెనక్కి వచ్చాయి. ఆకలి లేదన్నారు కొందరు. మర్నాటి నుంచి అదీ చెప్పలేదు. వంటకు వచ్చే ఆడవాళ్ళు పిల్లలకు బాగోలేదని మానుకున్నారు. అద్దెకు తెచ్చిన క్యారేజీలు గోడవార బోర్లించి ఉండగా భవాని వాటి మధ్య కూర్చుని, ఆదివారం వండిన ప్రతిదాన్నీ మొదటినుంచి చెప్పుకునేది. బెండకాయ. రెండు నీళ్ళు మార్చాను. పెసరపప్పు నానబెట్టి పారబోసాను. మీరూ అదే తిన్నారు గదా. మీరున్నారు గదా.

నేను ఉన్నాను. అదే ఆమె సాక్ష్యం.

కృష్ణచైతన్య ఫోనులో స్పష్టంగా చెప్పాడు. ఆ రోజు అతడు ఇంకేం తిన్నాడో తెలుసుకోండి, నలుగురి ముందూ చెప్పించండి, నిజం ఆలస్యమైతే అబద్ధంతో సమానమైపోతుంది అన్నాడు. నాకు అది సరైన మాటే అనిపించింది. పరామర్శకూ, దీనికీ కలిపి అక్కుపల్లి బయలుదేరాం. ఇసుక దారిలో ఆటో దిగాక భవాని చెంగు సర్దుకుంటూ, "నేను పేరు నిలబెట్టుకోడానికే వత్తన్నాను. అది మీరు మరిసిపోకండి," అంది. నాకు కాదు, తనకే చెప్పుకున్నట్టుంది.

సూరమ్మ ఇంటి ముందు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. సురేష్ లేవలేదు, పొమ్మనీ అనలేదు. పెరట్లోకి వెళ్ళాం. ఇంటి వెనక ఒకే కొబ్బరిచెట్టు. దాని మొదట్లో, పొయ్యిలోకి ఎండుతాయని పరిచిన కాయల డిప్పలు ఉన్నాయి. వాటిలో రెండింటి తెల్లదనం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. భవాని వాటి మీద చూపు నిలిపింది. నేనూ చూశాను.

కొబ్బరి నీళ్ళు. మా ఉద్దానం ఊళ్ళలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా మొదట చెట్టెక్కించి దింపేది బొండాలే. మంచాన పడినవాణ్ణి చూడడానికి చేతులూపుకుంటూ ఎవరూ రారు. జ్వరానికి అది మందు, నీరసానికి అది మందు. మాలాంటి వాళ్ళకు అది విషం. దానిలోని ఉప్పులను బయటికి పంపే శక్తి మా ఒంటికి లేదు, గుండె ఆగిపోతుంది.

సూరమ్మ మమ్మల్ని చూసి ఏడవలేదు. ఏడుపు అప్పటికే అయిపోయింది. కొడుకు ఆఖరి రోజు చెప్పుకొచ్చింది. పొద్దుట ఎండలో కూర్చున్నాడట. దాహమన్నాడట.

"ఆర్నెల్లయినాది తల్లీ, ఆడు నన్నొకటి అడిగి. బొండాం కొట్టీమన్నాడు. రెండు కొట్టినాను. కళ్ళు మూసుకుని తాగీసినాడు. అంత ఇట్టంగా తాగడం సిన్నప్పుడు సూసినాను, మళ్ళీ అప్పుడే సూసినాను. నా సేత్తో అదొక్కటీ సల్లగా దిగింది ఆడికి."

ఆమె మొహంలో ఆ క్షణం ఉన్నదాన్ని సంతోషమనడానికి నోరు రాదు. కానీ అది అదే.

సురేష్ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక మరి కొందరు. భవాని వినడానికి వచ్చిన మాట ఆమె ముందే ఉంది. ఒక్క వాక్యం చాలు. నేను ఆమె వైపు చూశాను. చెప్పమనే చూశాను.

భవాని సూరమ్మ చేయి పట్టుకుంది.

"ఆ రోజు నా చేతిలో ఉప్పు ఎక్కువైందమ్మా. పప్పులో. నేను సూసుకోలేదు," అంది.

నా చెవులు దానిని విన్నాయి. అర్థం అందుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ ఆదివారం పప్పు నేనూ తిన్నాను. అందులో ఉప్పు లేదు. సురేష్ గుమ్మం చెక్కను పట్టుకున్నాడు. ఎవరో దగ్గారు. సూరమ్మ మాత్రం చేయి వెనక్కి తీసుకోలేదు. పొరపాటు ఎవరికేనా వత్తాదిలే అన్నది.

ఇంటికి వచ్చాక నేను అడిగాను. గొంతు పెంచి అడగడానికి నాలో బలం లేదు.

"ఆ మాటతో అంతా పోయింది. తెలుసా?"

"తెలుసు."

"నువ్వు దయ చూపించాననుకుంటున్నావు. రేపు ఇంకొక తల్లి ఇంకొక బొండాం కొడుతుంది. నువ్వు దాచిన మాట వల్ల."

"ఆవిడికి ఆ రెండు గుక్కలే మిగిలాయి," అంది భవాని. "అవి నేను తీసేసుకుని నా పేరు మీద మచ్చ తుడుచుకోనా? మీరు సెప్పింది నిజమే. కానీ నావల్ల కాలేదు."

సింహాచలానికి తెలుసని నాకు అప్పుడు గుర్తు వచ్చింది. నర్సు మా ఇద్దరికీ కలిపే చెప్పింది, ఒకసారి కాదు. అతడు నవ్వి తల ఊపేవాడు. తెలిసినవాడు అడిగి తాగాడు. దాహం కోసమా, అలసిపోయా, తల్లి చేతిది కాదనలేకనా? నాకు తెలియదు. ఈ మాట భవానికి కూడా చెప్పలేదు.

భవాని మళ్ళీ వలుపుకు వెళ్ళసాగింది. అయితే పొద్దుపోయాక ఇంటింటికీ తిరిగేది. తెలిసిన రోగుల ఇళ్ళకు వెళ్ళి, ఎవరి పేరూ తీయకుండా, కొబ్బరి నీళ్ళివ్వొద్దని చెప్పేది. ఉప్పు ఎక్కువేసిన మనిషి సుద్దులు చెబుతోందని మొహం మీదే అన్నారు. పనిమీద నిలబడిన మనిషి మాట పని పోయాక ఎవరికీ అక్కర్లేదు. కృష్ణచైతన్య మళ్ళీ ఫోను చేయలేదు.

తొలకరికి ముందు ఉక్కగా ఉన్న ఒక ఉదయం సూరమ్మ మా గడప ఎక్కింది. పెద్దకర్మ అయ్యాక చావింటివాళ్ళు తొలిసారి కాలు బయట పెట్టి వచ్చిన ఇల్లు మాది. భవాని చాప వేసింది. ఆమె కూర్చోలేదు. సంచిలోంచి బొండాం తీసింది, కత్తి కూడా తెచ్చుకుంది. చెక్కి, నెత్తి లేపి, నీళ్ళు ఒలకకుండా నా ముందుకు చాపింది.

"మావోడి సెట్టుదే మేస్టారు బాబూ. తాగు. నాకు మీ మీద ఏటీ లేదు. అది సెప్పడానికే వచ్చినాను. నువ్వు తాగితే నా కళ్ళకి ఆడు తాగినట్టుంటాది."

చావింటి నుంచి మొదట వచ్చినదాన్ని కాదంటే పగ నిలిచినట్టని మా వైపు నమ్మకం. నేను ఏదో ఒక సాకు చెప్పగలను. పరగడుపనో, తరవాత తాగుతాననో. ముప్ఫై ఏళ్ళు మాటలతో బతికినవాణ్ణి. కానీ నీళ్ళ వాసన వచ్చింది. ఆ చల్లదనం బొండాం అంచు దాటి నా మొహాన్ని తాకింది. నా చేయి లేచింది. నేను లేపలేదు. వేళ్ళు పచ్చటి తొక్క చుట్టూ ముడుచుకున్నాయి, పెదవి దగ్గరికి వచ్చింది, నా లోపల ఒక్క మాట కూడా లేదు, తెలుసునన్న మాట కూడా. సింహాచలం ఎందుకు తాగాడో నాకు ఆ క్షణాన తెలిసింది. ఎందుకూ కాదు.

"అమ్మా," అంది భవాని. గొంతు మామూలుగానే ఉంది. "అది ఆయన తాగకూడదు. తాగితే పోతారు."

పేరు పోతున్నప్పుడు రాని మాట నా పెదవి చూసి వచ్చింది.

సూరమ్మ నా చేతిలోంచి బొండాన్ని తీసుకుంది. నేల మీద పెట్టి, ఒరిగిపోకుండా పట్టుకుని కూర్చుంది. భవాని వైపు చూసింది. పప్పు గురించి, ఉప్పు గురించి ఆమె ఏమీ అడగలేదు. అన్నీ ఆమె మొహంలోనే ఒకదాని తరవాత ఒకటి జరగడం చూశాం. తరవాత నా వైపు తిరిగింది.

"ఆడికి తెలుసా బాబూ?"

నిజం చెప్పాలని వాదించినవాణ్ణి నేను. ఆ ప్రశ్న నాకే వచ్చింది.

"తెలుసమ్మా," అన్నాను.

"తెలిసే అడిగినాడు," అంది. మళ్ళీ, "తెలిసే నన్నడిగినాడు," అంది. లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. భవాని వెంట గుమ్మందాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

ఆ రాత్రి వాన పడింది. సోమవారం నేను పలాస వెళ్ళేసరికి సూరమ్మ వార్డు వరండాలో ఉంది. ఈసారి గోడకు ఆనుకుని లేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన, వచ్చేవాళ్ళ సంచుల్లోంచి తీయించిన నాలుగైదు బొండాలు పోగుపడి ఉన్నాయి. మందస వైపు నుంచి కాబోలు, చిన్న వయసు ఆడమనిషి ఒకతె, కొత్తగా మంచం దొరికిన మొగుణ్ణి లోపలికి పంపి, బరువైన బొండాల సంచిని గుండెకు అదుముకుని నిలబడి ఉంది. ఇది అందరూ రోగులకు ఇచ్చేదే గదా, ఎందుకొద్దంటావని అడుగుతోంది.

సూరమ్మ ఆమెకు వైద్యం చెప్పలేదు.

"నానిచ్చినాను. నా కొడుక్కి. నా సేత్తో. పోయినాడు," అని, సంచి కోసం చేయి చాపింది.